ప్లీడరు గారూ, వాయిదా రోజు సాయంత్రం ఒక్క ముక్క

శ్రీకాకుళం జిల్లా న్యాయవాదులకు, జిల్లాలోని బార్ అసోసియేషన్ల కార్యవర్గాలకు నమస్కారం.

నేను వకీలు గుమాస్తాగా పనిచేసి ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నవాణ్ణి. మొదట టెక్కలిలో, తర్వాత శ్రీకాకుళంలో కట్టలు మోశాను, నకళ్లకు అర్జీలు పెట్టాను, బెంచి క్లర్కు బల్ల పక్కన నిలబడి తేదీలు రాసుకున్నాను. మీలో కొందరు కొత్త నల్లకోటు తొడుక్కుని జూనియర్లుగా చేరిన రోజులు నాకు బాగా గుర్తు. ఆ చనువు కొద్దీ రాస్తున్నాను. మీ వాదన మీద, సెక్షన్ల మీద మాట్లాడే అర్హత నాకు లేదు, ఆ జోలికి పోను. కక్షిదారు ఫోన్ చేస్తే ఆఫీసులో ఎవరు ఎత్తుతారు, ఎప్పుడు ఎత్తుతారు, ఏమి చెబుతారు అన్న విషయంలో మాత్రం, క్షమించాలి, మీకంటే నాకే ఎక్కువ తెలుసు. ఆ ఫోన్లు ఎత్తింది నేను.

నేను అడిగేది చిన్నది. వాయిదా జరిగిన రోజు సాయంత్రం ఆ కేసు కక్షిదారుకు మీ ఆఫీసు నుంచి ఒక్క ముక్క వెళ్లాలి. ఈరోజు ఏమైంది, మళ్లీ ఎప్పుడు, ఆ రోజు తాను రావాలా అక్కరలేదా. అంతే. దీనికి జడ్జీల ఖాళీలు భర్తీ కానక్కరలేదు, చట్టం మారనక్కరలేదు. కొందరు ఇప్పటికే చేస్తున్నారు, ముఖ్యంగా కొత్తగా ప్రాక్టీసు పెట్టిన ఆడపిల్లలు. వారికి ఈ ఉత్తరంతో పని లేదు.

మీ రోజు ఎలా గడుస్తుందో నాకు తెలియక కాదు. పదిన్నరకు కాల్ వర్క్, అంటే ఆరోజు కేసులను వరసగా పిలవడం. అదే పదిన్నరకు జిల్లా కోర్టులో ఒక అప్పీలు, సబ్ కోర్టులో ఒక విభజన దావా, మెజిస్ట్రేటు కోర్టులో ఒక చెక్కు కేసు. జూనియరును ఒక చోటికి పంపి, ఇంకో చోట కేసు పిలిస్తే పాస్ ఓవర్, అంటే కాసేపాగి మళ్లీ పిలవమని అడగమని గుమాస్తాకు చెప్పి, మూడో చోట మీరు నిలబడతారు. జేబులో ఫోను మూగగా మోగుతూనే ఉంటుంది. సాయంత్రం ఐదు తర్వాత ఇంటికి వెళ్లి, స్నానం చేసి, ఏడింటికి ఆఫీసు గదిలో కూర్చుంటారు. అప్పటికే బెంచీ మీద కొత్త పార్టీలు. కొత్త కేసు తెచ్చినవాడు ఎదురుగా ఉంటాడు, పాత కేసువాడు ఫోనులో ఉంటాడు. ఎప్పుడూ ఎదురుగా ఉన్నవాడిదే పైచేయి. ఇందులో దురుద్దేశం లేదు. కానీ వేళ్ల మీద లెక్కపెట్టగలిగిన కేసులున్న ఆఫీసుకూ, బీరువాలు నిండిన ఆఫీసుకూ తేడా ఇక్కడే మొదలవుతుంది.

మన జిల్లా మనుషుల సంగతి ఇంకోటి. ఉద్దానం కుర్రవాళ్లు చెన్నైలోనో హైదరాబాదులోనో పనిలో ఉంటారు. తీరప్రాంతం మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి బోట్లు ఎక్కుతారు. భూమి ఇక్కడ, దావా ఇక్కడ, మనిషి అక్కడ. అతనికి ఫోన్ చేసే తీరిక దొరికేది మధ్యాహ్నం భోజనం వేళో, రాత్రి పని దిగాకో. ఆ రెండు వేళలూ మీకు కుదరనివే. ఇంటి దగ్గర ఉన్న తల్లి ఇచ్ఛాపురం నుంచి బస్సెక్కి వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి శ్రీకాకుళం కోర్టుకు వస్తే, ‘జడ్జి గారు సెలవు’ అన్న మాట విని మళ్లీ బస్సెక్కుతుంది. జడ్జి గారు సెలవన్న సంగతి చాలాసార్లు ముందురోజు సాయంత్రమే ఆఫీసులకు తెలిసిపోతుంది. ఆమెకు ఎవరూ చెప్పరు.

నేను ఎత్తిన ఫోన్లలో నూటికి తొంభై ఒకే ప్రశ్న అంటే మీరు నవ్వకండి. ‘వాయిదా ఏమైందండీ?’ అంతకుమించి వాళ్లకు ఏమీ అక్కరలేదు. కేసు బలమెంత, ఎదుటివాడి దస్తావేజు చెల్లుతుందా అని అడిగేవాళ్లు అరుదు. తేదీ తెలియక అడుగుతారు. అడిగేకొద్దీ మీకు విసుగు వస్తుంది, ఎత్తడం మానేస్తారు. ఎత్తకపోయేసరికి వాళ్లకు కంగారు పుట్టి ఇంకా ఎక్కువసార్లు చేస్తారు, ఊళ్లో తెలిసిన పెద్దమనిషితో చేయిస్తారు, ఆయన ఫోను మీరు ఎత్తుతారు, దాంతో ఆ పెద్దమనిషికి ఊళ్లో ఇంకో అధికారం చేతికి వస్తుంది. ఇంత గొడవా ఒక్క తేదీ చెప్పనందుకు.

ఈ గోలలో అసలైన ఫోను మునిగిపోవడమే నాకు భయం. చెక్కు చెల్లలేదని ఒక దుకాణదారు ఫోన్ చేస్తాడనుకోండి. బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లోపు డిమాండు నోటీసు వెళ్లాలి. అందుకున్నవాడికి 15 రోజుల గడువు. అది తీరిన తర్వాత నెలలోపు ఫిర్యాదు వేయాలి. జవాబు దావాకు 30 రోజులు, కోర్టు దయ తలిస్తే 90. గైర్హాజరు వల్ల కొట్టేసిన దావాను తిరిగి తెరిపించుకోవడానికి 30 రోజులు. ఇవన్నీ మీకు నిద్రలో లేపి అడిగినా వస్తాయి. దుకాణదారుకు రావు. తాను ప్లీడరు గారికి ఫోన్ చేశాడు, గుమాస్తాకు చెప్పాడు, తన పని అయిపోయిందనే అతని లెక్క. అతని ఫోను ‘వాయిదా ఏమైందండీ’ అనే ఫోన్ల మధ్యలో వచ్చింది కాబట్టి దాన్నీ అదే గాటన కట్టేశారు. గడువు మాత్రం అతని కోసం ఆగదు.

మందస వైపు నుంచి ఒకావిడ వచ్చేవారు. భర్త పోయారు, భర్త వాటా కోసం మరుదుల మీద విభజన దావా. ఆవిడ మొదటి ప్లీడరు గారు ఎవరన్నది ఇక్కడ అనవసరం, మంచి వాగ్ధాటి ఉన్నవారే. ఆవిడ మా ఆఫీసుకు వచ్చిన రోజు చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి, అందులో నాలుగు మడతలు పెట్టిన దావా నకలు, ఫీజు కట్టినప్పుడల్లా తేదీ వేసి పెట్టుకున్న చిన్న నోటు పుస్తకం. కేసు సంగతి ఆవిడకు మొదట చెప్పింది ఎవరనుకున్నారు? ప్రతివాది. ఊళ్లో బోరింగు దగ్గర మరిది, ‘నీ కేసు ఎప్పుడో కొట్టేశారుగా వదినా’ అన్నాడట. రిజిస్టరు చూస్తే నిజమే. వానాకాలంలో కేసు పిలిచినప్పుడు ఇటువైపు ఎవరూ లేరు, డిఫాల్టు కింద కొట్టేశారు. ఆవిడ మా గుమ్మం తొక్కేసరికి సంక్రాంతి దాటింది.

దావా పునరుద్ధరణకు ఒక పిటిషను, ఆలస్యం మాఫీకి ఇంకొకటి. మన కోర్టుల్లో ఆలస్యం మాఫీ అఫిడవిట్లు ఎలా ఉంటాయో తెలిసినవే కదా. కక్షిదారుకు పచ్చకామెర్లు వచ్చాయి, నాటు మందు వాడుతూ మంచం పట్టి ఉండటం వల్ల న్యాయవాదిని కలవలేకపోయారు. ఈ జిల్లాలో కోర్టు కాగితాల్లో కామెర్లు వచ్చినంతమందికి నిజంగా వచ్చి ఉంటే రిమ్స్ ఆసుపత్రి చాలేది కాదు. టైపు చేసిన కాగితం చదివి వినిపిస్తుంటే ఆవిడ ఆపారు. ‘నాకు కామెర్లు ఎప్పుడు వచ్చాయి బాబూ? ఫోను ఎత్తలేదు. అదే రాయండి’ అన్నారు. మా ప్లీడరు గారు ముందు నవ్వారు, తర్వాత కలం తీసి ఆ పేరా కొట్టేసి, తన న్యాయవాది నుంచి కక్షిదారుకు సమాచారం అందలేదని మర్యాదగా రాశారు. కోర్టు ఒప్పుకుంది, ఖర్చులు కట్టమంది. కట్టింది ఆవిడే.

నిరపరాధి అయిన కక్షిదారు తన న్యాయవాది గైర్హాజరు వల్ల నష్టపోకూడదని సుప్రీంకోర్టు 1981లోనే రఫీక్ వర్సెస్ మున్షీలాల్ కేసులో చెప్పింది. ఆ కేసులో ఖర్చులు కూడా రాని న్యాయవాది నుంచే రాబట్టమంది. తీర్పు ఉంది, మందస ఆవిడ నోటు పుస్తకంలో ఆ ఖర్చుల పద్దు కూడా ఉంది.

ఇప్పుడు మీ డైరీ తీయండి. ఏ తేదీ పేజీ అయినా సరే. ఎడమవైపు వెనకటి వాయిదా, పక్కన కోర్టు, కేసు నంబరు, వాది ప్రతివాదుల పేర్లు, దేనికి పోస్టయింది, కుడి చివర ముందు వాయిదా. గుమాస్తా కోర్టు నుంచి రాగానే చేసే మొదటి పని ఆ కుడి చివర గడి నింపి, అదే కేసును ముందు తేదీ పేజీలోకి ఎక్కించడం. మన వ్యవస్థంతా ఆ రెండు రాతల మీదే నిలబడి ఉంది, అది తప్పితే కేసు తప్పినట్టే. కానీ ఆ పేజీలో కక్షిదారు ఎక్కడ ఉన్నాడు? పేరు తప్ప ఏమీ లేదు. ఫోను నంబరు కట్ట పైఅట్ట మీద పెన్సిలుతో ఉంటుంది, అది కూడా అతను సిమ్ము మార్చకముందుది. కుడి చివర ఇంకో గడి గీయండి. దాని పైన ‘చెప్పాం’ అని రాయండి. రాత్రి ఆఫీసు మూసేలోపు ఆ గడిలో టిక్కు పడని కేసు ఉంటే ఆరోజు పని కానట్టు.

ఎంతసేపు పడుతుంది? రెండు వాక్యాలు. ‘ఈరోజు జడ్జి గారు సెలవు. మీ దావా జూన్ 18కి వేశారు, మీరు రానక్కరలేదు.’ లేదా, ‘వచ్చే వాయిదాకు మీ సాక్ష్యం. తప్పక రావాలి, అసలు పాసుపుస్తకం తేవాలి, ముందురోజు సాయంత్రం ఆఫీసుకు రండి.’ చదువు రానివారికి అవే రెండు వాక్యాలు నోటితో చెప్పి వాయిస్ మెసేజి పంపవచ్చు. జూనియరు కోర్టు నుంచి వచ్చే దారిలోనే సగం పంపేయగలడు. ఇందులో గుమాస్తాలు జాగ్రత్త పడాల్సినవి కొన్ని ఉన్నాయి. విభజన దావాల్లో అవతలి అన్నదమ్ములే మన పార్టీ పేరు చెప్పి ఫోన్ చేసి ఆరా తీస్తారు. అందుకే కట్టలో రాసుకున్న నంబరుకే చెప్పాలి, అడిగిన ప్రతివాడికీ కాదు. గెలుస్తామా ఓడుతామా అన్నదానికి గుమాస్తా నోరు విప్పకూడదు. ‘జడ్జి గారు మనవైపే ఉన్నట్టున్నారు’ లాంటి మాట ఒక్కటి జారితే ఊళ్లో అది తీర్పు అయిపోతుంది.

ఇప్పుడు అందరి చేతిలోనూ ఈ-కోర్ట్స్ యాప్ ఉంది కదా, వాళ్లే చూసుకోవచ్చు కదా అని మీలో కొందరు అంటారు. మంచిదే. ప్రతి కేసుకూ ఉండే పదహారు అక్షరాంకెల సీఎన్ఆర్ నంబరు కొడితే కేసు ఎక్కడుందో కనిపిస్తుంది. కానీ కనిపించేది ఏమిటి? ఇంగ్లీషులో రెండు పొడి మాటలు, ఒక తేదీ. హైదరాబాదులో ఉన్న కొడుకు అది చూసి అర్థం కాక, ఇంటికి ఫోన్ చేసి తల్లిని కంగారు పెడతాడు, తల్లి మీకు ఫోన్ చేస్తుంది. యాప్ వల్ల ఫోన్లు తగ్గలేదు, ఒక్కొక్కటి పొడుగయ్యాయి. అయినా అది పనికొచ్చే సాధనమే. అందుకే వకాల్తా మీద సంతకం పెట్టించుకున్న రోజునే సీఎన్ఆర్ నంబరు కాగితం మీద రాసి ఇవ్వాలని నా మనవి. ఆ నంబరు రావడానికి కాస్త సమయం పడితే, వచ్చిన రోజున పంపండి. ఇంకో సంగతి. దాఖలు కాగితాల్లో కక్షిదారు ఫోను నంబరు రాయాల్సిన చోట కొన్ని ఆఫీసుల్లో గుమాస్తా నంబరు వేస్తారు. నేను పని మానేసి ఇంట్లో కూర్చున్నా, ఎవరెవరి వాయిదా సందేశాలో నా ఫోనుకు ఇప్పటికీ వస్తున్నాయి. సంక్రాంతికి వేరెవరూ నన్ను అంత క్రమం తప్పకుండా పలకరించరు.

ఇక అసలు బరువు సంగతి. ఎన్ని కేసులు?

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల్లో ఒక న్యాయవాది ఇన్ని వకాల్తాలకు మించి వేయకూడదని లేదు. కక్షిదారుకు ఇన్ని రోజుల్లో జవాబివ్వాలనీ లేదు. ఉన్నది ఏమిటంటే, ఒప్పుకున్న కేసు నుంచి తగిన కారణం లేకుండా, ముందుగా తగిన నోటీసు ఇవ్వకుండా తప్పుకోకూడదని. తప్పుకుంటే చేయని పనికి తీసుకున్న ఫీజు తిరిగి ఇవ్వాలని. నాదొక సందేహం. ఆరు నెలలుగా ఫోను ఎత్తని, ఉత్తరానికి జవాబివ్వని ఆఫీసు ఆ కేసులో ఉన్నట్టా, నోటీసు లేకుండా తప్పుకున్నట్టా? మీరే చెప్పాలి, నేను గుమాస్తాను.

బయటివారికి తెలియనిది ఒకటుంది. వకీలు ఆఫీసులోకి కట్ట రావడమే కానీ పోవడం ఉండదు. డిక్రీ వస్తే అప్పీలు. అప్పీలు తేలితే అమలు కోసం ఈపీ అనే పిటిషను. ఈపీలో మళ్లీ మూడో మనిషి వచ్చి ఆస్తి నాదంటాడు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు పాలకొండ పార్వతీపురం మన్యంలోకి, రాజాం విజయనగరంలోకి వెళ్లాయి కానీ, ఆ ఊళ్ల కక్షిదారులు తమకు అలవాటైన ప్లీడర్లను వదిలి వెళ్లలేదు. ఇలా ఏళ్ల తరబడి పేరుకున్న కట్టల్లో బతికున్నది ఏది, చచ్చింది ఏది అన్నది ఎవరూ చూడరు. మే నెలలో సివిల్ కోర్టులకు సెలవులు వస్తాయి. ఆ సెలవుల్లో రెండు రోజులు జూనియర్లనూ గుమాస్తానూ కూర్చోబెట్టి బీరువాలన్నీ ఖాళీ చేయించండి. ఆరు నెలలుగా కక్షిదారుతో ఒక్క మాటైనా లేని కట్టలన్నీ ఒక పక్కన పెట్టించండి. వాళ్లందరికీ ఒక పోస్టుకార్డు రాయించండి, కేసు ఏ దశలో ఉందో, ఇంకా నడపదలచుకున్నారా అని. కొందరు ఎప్పుడో ఊళ్లో రాజీపడిపోయి ఉంటారు. ఒకరిద్దరు కాలం చేసి ఉంటారు, వారసులను రికార్డు మీదికి తెచ్చే గడువు నడుస్తూ ఉంటుంది.

ఆ తర్వాత ఎన్ని ఉంచుకోవాలన్నది మీ ఇష్టం. నా లెక్క మోటుది. రోజూ సాయంత్రం ఎంతమందికి ఆ రెండు వాక్యాలు చెప్పించగలరో అన్ని కేసులే మీరు మోయగలరు. అంతకు మించినవి మీ బీరువా మోస్తోంది.

మా అన్నగారి మనవడు ఇంగ్లండులో చదువుతున్నాడు. అక్కడ సొలిసిటర్లని వేరే ఉంటారు, కక్షిదారుతో మాట్లాడటం, కాగితాలు నడపడం ప్రధానంగా వాళ్ల పని. కేసు తీసుకున్న రోజే, మా మీద ఫిర్యాదు ఉంటే ఇలా చేయవచ్చని వాళ్లే రాసి ఇవ్వాలట. ఎనిమిది వారాల్లో ఆ ఆఫీసు తేల్చకపోతే లీగల్ ఆంబుడ్స్‌మన్ అనే సంస్థ దగ్గరికి వెళ్లవచ్చు. అంత ఏర్పాటున్న దేశంలో కూడా ఆ సంస్థకు వచ్చే ఫిర్యాదుల్లో ముందు వరసలో ఉండేవి పని ఆలస్యం, సంగతి చెప్పకపోవడం. కాబట్టి ఇది శ్రీకాకుళం జబ్బని నేను అనను. అయితే అక్కడ చాలా ఆఫీసులు గంటను ఆరేసి నిమిషాల ముక్కలుగా కోసి, ఫోనులో మాట్లాడినదానికీ బిల్లు వేస్తాయట. ఆ పద్ధతి మాత్రం మన ఊరికి రాకుండా ఆ అరసవల్లి సూర్యనారాయణస్వామే కాపాడాలి. మన పార్టీ నమస్కారం పెట్టడానికే ఆరు నిమిషాలు తీసుకుంటాడు.

మన దగ్గర కక్షిదారుకు ఉన్న దారి ఏమిటి? 2024 మే 14న సుప్రీంకోర్టు, న్యాయవాదుల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని తీర్పు చెప్పింది. మీరంతా సంతోషించారు, సహజమే. వకీలు మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసే దారి మూసుకుపోయింది. కానీ ఆ తీర్పుకు కోర్టు చెప్పిన కారణాల్లో ఒకటి చూడండి. న్యాయవాది చేసే పని మీద కక్షిదారుకు నేరుగా చాలా అదుపు ఉంటుంది, కనుక అది ఆ చట్టం వర్తించని వ్యక్తిగత సేవా ఒప్పందం అన్నారు. అదుపు! మందస ఆవిడకు తన కేసు బతికుందో లేదో మరిది చెబితే తెలిసింది. ఆ కారణం మిమ్మల్ని కాపాడింది కాబట్టి దాన్ని నిజం చేసి చూపించే బాధ్యత కూడా మీదే అని నేను అనుకుంటున్నాను. ఎవరికి అదుపు ఉందని చెప్పుకున్నామో వాళ్లకు కనీసం తేదీ తెలియాలి కదా. మిగిలిన దారి అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షను కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు. అది చేసే ఓపిక, ధైర్యం పల్లెటూరి కక్షిదారుకు ఎక్కడివి? చేసినా తన ఊరి కోర్టులో ఇంకో ప్లీడరు దొరుకుతారా అని అతని భయం.

వకాల్తా మార్పు గురించి రెండు మాటలే. విసిగి వేరే ప్లీడరు దగ్గరికి వెళతానంటే, బాకీ ఫీజు కట్టేదాకా కట్ట ఇవ్వననడం అక్కడక్కడా ఇంకా ఉంది. ఫీజు కోసం కక్షిదారు కాగితాలు పట్టి ఉంచే హక్కు న్యాయవాదికి లేదని 2000 సంవత్సరంలో ఆర్.డి. సక్సేనా కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఇందులో చర్చకు ఏమీ లేదు.

ఉచిత న్యాయ సహాయం కేసుల్లో పరిస్థితి ఇంకో రకం. స్త్రీలకు, ఎస్సీ ఎస్టీలకు, పిల్లలకు, జైల్లో ఉన్నవారికి ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయవాదిని ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం చెబుతోంది. 15100కు ఫోన్ చేస్తే దారి చెబుతారు. 2010 నాటి జాతీయ న్యాయ సేవల సంస్థ నిబంధనల్లో ఒక మంచి ఏర్పాటు ఉంది. సహాయం ఇచ్చిన కేసు రోజువారీ ఎలా నడుస్తోందో గమనించడానికి పర్యవేక్షణ కమిటీ ఉండాలని. అంటే డబ్బు ఇవ్వని కక్షిదారు కోసం కాగితం మీదైనా ఒక కన్ను ఉంది. పొలం తాకట్టు పెట్టి ఫీజు కట్టినవాడి కోసం అదీ లేదు. ఇది నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

కక్షిదారులు దేవతలని నేను అనడం లేదు. ఒకే ప్రశ్న పదిమందిని అడిగేవాళ్లు, అప్పు తీరిన రసీదు దాచి దావా వేయించేవాళ్లు, తెల్లవారుజామున ఫోన్ చేసి ‘పడుకున్నారా’ అని పలకరించేవాళ్లు, ఫీజు అడిగితే జీడిపిక్కలు అమ్మాక ఇస్తానని మూడు పంటలు దాటించేవాళ్లు అందరూ నాకు తెలుసు. తిత్లీ తుపానుకు తోటలు పడిపోయిన 2018 తర్వాత మాత్రం ఆ చివరి మాట చెప్పినవాళ్లను నేను తప్పుపట్టలేదు. కావాలంటే మీ ఫోను వేళలు గోడ మీద రాసి పెట్టండి, సాయంత్రం ఆరు నుంచి ఏడు అని. ఆ గంటలో తప్పక ఎత్తుతారని తెలిస్తే మిగతా ఇరవై మూడు గంటలూ చాలామంది మిమ్మల్ని వదిలేస్తారు. మా పాత ప్లీడరు గారు అలాగే చేశారు, మొదటి నెల ఎవరూ నమ్మలేదు, రెండో నెల నుంచి నమ్మారు.

విధుల బహిష్కరణ రోజుల ప్రస్తావన తేకుండా ఉండలేను. సమ్మె హక్కు లేదని సుప్రీంకోర్టు 2002లో హరీష్ ఉప్పల్ కేసులో చెప్పింది, అయినా బహిష్కరణలు జరుగుతూనే ఉన్నాయి. భూ హక్కుల చట్టానికి వ్యతిరేకంగా మీరంతా వారాల తరబడి బయట కూర్చున్నప్పుడు నేను మీవైపే ఉన్నాను. 2024లో ఆ చట్టం రద్దయింది కూడా. కానీ తీర్మానం చేసిన సాయంత్రమే, రేపటి వాయిదా కక్షిదారులకు రావద్దని చెప్పించడం ఏ ఉద్యమానికీ అడ్డు కాదు. శిబిరం ముందు నిలబడి సంచులు పట్టుకుని చూసిన వాళ్లలో చాలామందికి ఆ సంగతి బస్సు దిగాకే తెలిసింది.

బార్ అసోసియేషన్లు చేయదగినవి పెద్దవేమీ కావు. వచ్చే ఏడాదికి డైరీ అచ్చు వేయిస్తే అందులో ‘చెప్పాం’ గడి, ఫోను నంబరు గడి వేయించండి. జూనియర్లకు ఇచ్చే భత్యం గురించి సీనియర్లంతా కూర్చుని ఒక మాట అనుకోండి, సాయంత్రాలు ఇంకో చోట పని చూసుకునే కుర్రవాడి చేత రాత్రి ఎనిమిదింటికి సందేశాలు పంపించాలనడం న్యాయం కాదు. గుమాస్తా జీతం సంగతి నా నోటితో నేను చెప్పను. న్యాయవాది దీర్ఘకాలం జబ్బు పడితేనో, హఠాత్తుగా పోతేనో ఆయన కట్టల కక్షిదారులకు కబురు చేసే పూచీ అసోసియేషన్ తీసుకోవాలి. ఇప్పుడది పూర్తిగా ఆ ఇంటివారి తలమీద పడుతోంది, వారికేమో కేసు నంబరుకూ దావా నంబరుకూ తేడా తెలియదు.

ఏ ఊరి అసోసియేషన్ అయినా తమ గుమాస్తాలను, జూనియర్లను ఒక ఆదివారం కూర్చోబెడితే నేను వస్తాను. సోంపేట అయినా, పాతపట్నం అయినా సరే. డైరీ ఎలా నింపాలో, ఫోనులో ఎంతవరకు చెప్పాలో, ఎక్కడ ఆపాలో కూర్చుని చూపిస్తాను. బస్సు చార్జీలు అక్కరలేదు, టీ మాత్రం ఇప్పించాలి, అదీ చక్కెర లేకుండా.

ఇట్లు,
విశ్రాంత వకీలు గుమాస్తా,
శ్రీకాకుళం